మైనస్ 80 నుంచి మైనస్ 70కి: మా విభాగపు ప్రయోగశాలల ప్రాజెక్టు డైరీ

జనవరి 9

హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో, జీవశాస్త్ర విభాగంలో నేను సాంకేతిక అధికారిగా పనిచేస్తున్నాను. పరికరాలు కొనిపించడం, మరమ్మతు చేయించడం, రసాయనాల స్టాకు పుస్తకం రాయడం, అర్ధరాత్రి ఫ్రీజర్ అలారం మోగితే ఫోను ఎత్తడం నా పనులు. ప్రయోగశాలల్లో కరెంటు, నీరు, ప్లాస్టిక్ వాడకాన్ని ఆరు నెలల పాటు కొలిచి, పరిశోధనకు నష్టం కలగకుండా ఎంతవరకు తగ్గించవచ్చో తేల్చాలన్న ప్రతిపాదనను ఈ రోజు విభాగ సమావేశం ఒప్పుకుంది. మంజూరైన సొమ్ము కొద్దిదే. ప్లగ్గుకు తగిలించే కరెంటు మీటర్లు రెండు, ఉష్ణోగ్రతను నమోదు చేసే లాగర్లు నాలుగు కొనడానికి సరిపోతుంది. నాతో పాటు ఇద్దరు పరిశోధక విద్యార్థులు, పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతూ దీన్నే తన ప్రాజెక్టుగా తీసుకున్న ఒక అమ్మాయి, గాజుసామాను కడిగే గదిలో 22 ఏళ్లుగా పనిచేస్తున్న అటెండరు అన్న ఉన్నారు.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ రూపొందించిన లీఫ్ అనే పద్ధతిలో ప్రయోగశాలలకు కంచు, వెండి, బంగారు స్థాయులు ఇస్తారు. దాని ప్రశ్నలు చదివాను, చాలావరకు పనికొచ్చేవే. అయితే మా విభాగంలో ఏ పరికరం ఎంత కరెంటు తింటుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే బిల్లు విశ్వవిద్యాలయం మొత్తానికి కలిపి వస్తుంది, ఆ కాగితం ఏ ప్రయోగశాల గుమ్మమూ తొక్కదు. అందుకని స్థాయుల సంగతి పక్కనబెట్టి, ముందుగా మీటర్లు తగిలించాలని నిర్ణయించుకున్నాం.

జనవరి 30

మూడు వారాలు ఫ్రీజర్ల గదిలోనే గడిచాయి. నమూనాలు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు మాకు నాలుగు ఉన్నాయి. మీటరును స్టెబిలైజరుకు ముందు పెట్టాలా, తరువాత పెట్టాలా అన్న చర్చ మొదటి రోజే వచ్చింది. స్టెబిలైజరు తనంతట తానే కొంత కరెంటు తీసుకుంటుంది, అది లేకుండా ఈ ఫ్రీజర్లు ఈ ఊళ్లో బతకవు, కాబట్టి దాన్నీ ఖర్చులో కలపడమే న్యాయమని గోడ ప్లగ్గు దగ్గరే పెట్టాం. రెండు మీటర్లే ఉన్నందున ఒక్కో ఫ్రీజరును వారం రోజుల చొప్పున, జంటలుగా కొలిచాం.

సగటున రోజుకు ఒకటో ఫ్రీజరు 13 యూనిట్లు, రెండోది 22, మూడోది 16, నాలుగోది 15. మొత్తం 66 యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లు పదింటికి సరిపోయే కరెంటు ఇది. తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగా మారి ఆ గదిలోకే వస్తుంది గనుక, ఆ వేడిని బయటికి తోడడానికి ముప్పావు టన్ను ఏసీ పగలూ రాత్రీ పనిచేయాలి. ఆ ఏసీ కరెంటు ఈ లెక్కలో లేదు.

రెండో ఫ్రీజరు పన్నెండేళ్లు దాటినది. దాని ముందుభాగంలో కింద ఉండే గాలి ఫిల్టరును లాగి చూస్తే దుమ్ము కంబళిలా పట్టి ఉంది. చేత్తో పట్టుకుంటే బూడిదరంగు పొర పొరగానే ఊడి వచ్చింది. కంప్రెసరు ఊపిరాడక పనిచేస్తోందన్నమాట. కడిగి ఆరబెట్టి మళ్లీ పెట్టాం. ఫిల్టరు శుభ్రం చేసిన తేదీ రాయడానికి ప్రతి ఫ్రీజరు పక్కనా ఒక కాగితం అంటించాం, అందులో మొదటి తేదీ నేనే రాశాను.

ఫిబ్రవరి 12

నీళ్ల సంగతి. కడిగే గదిలో, నీటిని మరిగించి శుద్ధి చేసే గాజు డిస్టిలేషన్ యూనిట్ ఒకటి గోడకు బిగించి ఉంది. గంటకు నాలుగు లీటర్ల డిస్టిల్డ్ నీరు ఇస్తుంది. ఆవిరిని చల్లబరచడానికి కండెన్సరులోంచి నల్లా నీరు నిరంతరం పారి, గొట్టం గుండా నేరుగా సింకులోకి పోతుంది. ఎమ్మెస్సీ అమ్మాయి 15 లీటర్ల బకెట్ పెట్టి, ఫోనులో సమయం చూసింది. పది నిమిషాల్లో నిండింది. గంటకు 90 లీటర్లు, అంటే ఒక లీటరు డిస్టిల్డ్ నీటి కోసం 22 లీటర్లకు పైగా కాలువపాలు. యూనిట్ రోజుకు ఆరు గంటలు నడుస్తుంది, 540 లీటర్లు పోతాయి. హీటరు మూడు కిలోవాట్లది, ఆ లెక్కన 24 లీటర్ల నీటికి 18 యూనిట్ల కరెంటు. ఇంచుమించు ఒక ఫ్రీజరంత.

బకెట్ నిండుతున్నప్పుడు అటెండరు అన్న పక్కనే నిలబడి చూస్తున్నారు. "మేడం, మా గల్లీల నల్లా దినం ఇడిచి దినం వస్తది, గంట సేపే. ఈడ ఇట్ల పోతుంటె ఇన్నేండ్ల సంది చూస్తనే ఉన్న. ఎవ్వరు అడగలే, నేను చెప్పలే" అన్నారు. ఆ మాట నన్ను చాలా సేపు వదలలేదు. ఇన్నేళ్లూ స్టాకు పుస్తకం రాసిన నేను కూడా ఆయనను అడగలేదు.

చేసిన పని పెద్దదేమీ కాదు. గొట్టం చివరను సింకులోంచి తీసి, మూలనున్న 500 లీటర్ల డ్రమ్ములోకి మళ్లించాం. కండెన్సరులోంచి వచ్చే నీరు శుభ్రమైన నల్లా నీరే, పైగా గోరువెచ్చగా ఉంటుంది. గాజుసామాను మొదటి విడత కడగడానికి చన్నీటి కంటే ఇదే బాగుందని అన్న రెండో రోజే చెప్పారు. రెండో మార్పుకు కాస్త నచ్చజెప్పవలసి వచ్చింది. ఆటోక్లేవు (ఆవిరితో క్రిములను చంపే పాత్ర) అడుగున పోయడానికి, వాటర్ బాత్‌లో నింపడానికి కూడా అందరూ రెండుసార్లు డిస్టిల్ చేసిన నీరే వాడుతున్నారు. వాటికి ఒకసారి డిస్టిల్ చేసినది సరిపోతుందని కుళాయిల మీద పేర్లు రాసి పెట్టాం. యూనిట్ ఇప్పుడు రోజుకు నాలుగు గంటలే నడుస్తోంది.

ఫిబ్రవరి 26

ఫ్రీజర్లలో ఏముందో తెలియకుండా వాటి జోలికి పోలేం. రెండో ఫ్రీజరును ఖాళీ చేయడానికి నాలుగు రోజులు పట్టింది. పైఅర తలుపు మంచుతో బిగుసుకుపోతే చెక్క గరిటెతో మెల్లగా గీకి తీశాం. లోహపు వస్తువు వాడితే గోడ వెనకనున్న గొట్టాలకు చిల్లు పడుతుంది. థర్మాకోల్ పెట్టెలో డ్రై ఐస్ పరిచి, ఒక్కో ర్యాకును అందులోకి దించి, ఒకరు చదువుతుంటే ఒకరు కంప్యూటరులో ఎక్కించారు. మూతల మీద మార్కరు రాతలు సగం చెరిగిపోయాయి. ఒక పెట్టె మీద "కొత్తది" అని మాత్రమే ఉంది, లోపలి నమూనా గొట్టాల మీద 2009 అని ఉంది. ఇంకో పెట్టె మీద "ముట్టుకోవద్దు" అని రాసిన విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్లిపోయి పదకొండేళ్లయింది.

పాత విద్యార్థుల ఫోను నంబర్లు సంపాదించి ఒక్కొక్కరికీ చేశాం. కొందరు వెంటనే గుర్తుపట్టి, ఏ గొట్టం ఏ పంట వంగడానిదో, ఏ బాక్టీరియాదో నోటితో చెప్పేశారు. ఈ పనిలో నాకు బాగా సంతోషం కలిగించింది ఇదే. వేరుశనగ వేరు బుడిపెల నుంచి వేరుచేసిన రైజోబియం అనే బాక్టీరియా రకాలు కొన్ని పోయాయనుకున్నాం, అవి వేరే పేరుతో ఇందులోనే ఉన్నాయి. పారేయవలసినవి కూడా బోలెడు తేలాయి. ఒకే డీఎన్‌ఏ నమూనాకు ఎనిమిదేసి నకళ్లు, ప్రచురణ అయిపోయిన ప్రయోగాల మిగుళ్లు, పేరూ యజమానీ లేనివి. ఏ గొట్టాన్నీ ఒక్కరి మాట మీద పారేయలేదు. మార్గదర్శకుల సంతకం తీసుకుని, ఆటోక్లేవు చేశాకే పంపాం.

ఇంత కాలం ఎవరూ ఈ ఫ్రీజర్లను ఎందుకు ముట్టుకోలేదో నాకు ఈ నాలుగు రోజుల్లో అర్థమైంది. బద్ధకం కారణం కాదు. తీస్తే ఎవరి శ్రమ పాడవుతుందోనన్న భయం. జాబితా లేనిచోట ఆ భయం సహేతుకమైనదే.

మార్చి 7

మైనస్ 70 చర్చ రెండు సమావేశాల పాటు సాగింది. వాదన ఇది: నమూనాలను మైనస్ 80 దగ్గరే ఉంచాలన్నది జీవశాస్త్రం కనుగొన్న హద్దేమీ కాదు. ఫ్రీజర్లు చేసేవారు దశాబ్దాలుగా ఇంకా చల్లగా, ఇంకా చల్లగా అంటూ పోతుంటే అలవాటుగా స్థిరపడిన అంకె అది. చలిని పది డిగ్రీలు తగ్గించి, మైనస్ 70 దగ్గర నడిపితే కరెంటు దాదాపు 30 శాతం ఆదా అవుతుందని పలు విశ్వవిద్యాలయాలు కొలిచి చెప్పాయి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ ప్రాంగణంలో 2009 నుంచి హరిత ప్రయోగశాలల కార్యక్రమం నడుస్తోంది. మైనస్ 70 దగ్గర, అంతకంటే వెచ్చగా కూడా ఏళ్ల తరబడి నిలిచిన నమూనాల జాబితాను వారు బహిరంగంగా అందుబాటులో పెట్టారు. మా విభాగంలో చదివి ఇప్పుడు విదేశంలో పనిచేస్తున్న ఒక పాత విద్యార్థిని, నమూనాల గురించి ఫోను చేసినప్పుడు, తన ప్రయోగశాల ఎప్పుడో మైనస్ 70కి మారిందని చెప్పింది. సమావేశంలో నేను చదివిన పత్రాలన్నింటికంటే ఆ అమ్మాయి మాటే ఎక్కువ పనిచేసింది.

అభ్యంతరం చెప్పిన ఆచార్యులను తేలిగ్గా తీసుకోలేదు. "ఆ దేశాల్లో కరెంటు పోదు. మనకు పోయినప్పుడు ఆ పది డిగ్రీలే మన చేతిలో ఉన్న గడువు" అని వారు అన్నారు. అది నిజమే. కాబట్టి ఒక్క నాలుగో ఫ్రీజరును మాత్రమే ముందు మారుద్దామని, దాని ఖాళీ అరల్లో నీళ్లు నింపి గడ్డకట్టించిన సీసాలు పేర్చి లోపలి చలువ నిల్వను పెంచుదామని ఒప్పందానికి వచ్చాం. ఒకే రోజు, ఒకే మిశ్రమం నుంచి తీసిన గ్లిజరాల్ స్టాకులు (గ్లిజరాల్ కలిపి దాచే బాక్టీరియా), ఆర్‌ఎన్‌ఏ, ఒక ఎంజైము ద్రావణం మూడింటినీ సగం మైనస్ 80లో, సగం మైనస్ 70లో పెట్టాం. నెలనెలా తీసి పోల్చాలి.

మార్చి 24

నాలుగో ఫ్రీజరు రోజుకు 15 నుంచి 11 యూనిట్లకు దిగింది. రెండు కొలతల వారాలకూ గది ఉష్ణోగ్రతలో తేడా ఉంది, ఎండ పెరిగింది, అయినా దిగింది.

ఈ నెల మరో పని కడిగే గదిలో జరిగింది. మొండి మరకల కోసం క్రోమిక్ ఆమ్లం వాడే అలవాటు ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. పొటాషియం డైక్రోమేట్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపి పెద్ద గాజు తొట్టిలో ఉంచుతారు. కొత్తగా కలిపినప్పుడు ముదురు నారింజ గోధుమ రంగులో ఉంటుంది, శక్తి ఉడిగాక ఆకుపచ్చగా మారుతుంది. డైక్రోమేట్‌లో ఉండే ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సర్ కారకం. అన్న ముంజేతి మీద పాత మచ్చలు రెండున్నాయి. ఎప్పుడో తొట్టి లోంచి బీకరు జారినప్పటివని చెప్పారు. సాధారణ ప్రయోగశాల డిటర్జెంటులో రాత్రంతా నానబెట్టి, డ్రమ్ములోని గోరువెచ్చని నీటితో కడిగిన పిపెట్లనూ, క్రోమిక్ ఆమ్లంతో కడిగిన వాటినీ పక్కపక్కన పెట్టి చూపించాం. నీటిపొర రెండింటిలోనూ చుక్కలుగా విరగకుండా ఒకేలా జారింది, అంటే రెండూ ఒకేలా శుభ్రపడ్డాయి. తొట్టిని మూసేశాం. మిగిలిన ద్రావణాన్ని సింకులో పోయకుండా, ప్రమాదకర వ్యర్థాలుగా సీలు వేసి, తీసుకువెళ్లే సంస్థకు అప్పగించాం. కరెంటుతో సంబంధం లేకపోయినా, ప్రాజెక్టు మొత్తంలో ఈ పనికే నేను అన్నిటికంటే విలువ ఇస్తాను.

ఏప్రిల్ 13

ప్లాస్టిక్ గురించి. బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో నేచర్ పత్రికకు రాసిన లేఖలో, ప్రపంచంలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థలు ఏడాదికి దాదాపు 55 లక్షల టన్నుల ప్లాస్టిక్ వ్యర్థాన్ని పుట్టిస్తున్నాయని అంచనా కట్టారు. తమ విభాగంలోని 280 మంది నుంచే 267 టన్నులు వచ్చిందని చెప్పారు. మా లెక్క అంత ఉండదు, ఎందుకంటే ఇక్కడ లేమి వల్ల అలవడిన పొదుపు ఇంకా కొంత మిగిలి ఉంది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో పిపెట్ టిప్పులు (ద్రవాలను కొలిచి తీసే పిపెట్ చివర తొడిగే ప్లాస్టిక్ మొనలు) సంచుల్లో వచ్చేవి. మధ్యాహ్నం భోజనాల తరువాత విద్యార్థులు బల్ల చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ పెట్టెల్లో గుచ్చేవారు. గాజు పెట్రీ ప్లేట్లు కడిగి, కాగితంలో చుట్టి, ఓవెన్‌లో పెట్టేవాళ్లం. ఇప్పుడు పేర్చి, శుద్ధి చేసి వచ్చే పెట్టెలకు అలవాటుపడ్డారు. విదేశీ మార్గదర్శకాలు కొత్త పద్ధతిగా చెబుతున్నవాటిలో కొన్ని మనం ఇటీవలే మానేసినవి.

కణజాల వర్ధనం చేసేవారిని, ఆర్‌ఎన్‌ఏ పని చేసేవారిని ఇందులోంచి మినహాయించాం. కలుషితమైతే నెలల శ్రమ పోతుంది, దాంతో మళ్లీ చేసే ప్రయోగానికి పట్టే ప్లాస్టిక్, కరెంటు మిగిల్చినదానికంటే ఎక్కువవుతాయి. బోధన ప్రయోగశాలల్లో మాత్రం సంచి టిప్పులు, గాజు ప్లేట్లు తిరిగి వచ్చాయి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ఎరుపు సంచిలో వేయాల్సిన ప్లాస్టిక్ మాకు పసుపు సంచిలో పడుతోందని కూడా గమనించాం. పసుపులో పడ్డది కాల్చివేతకు పోతుంది, ఎరుపులో పడ్డది శుద్ధి అయ్యాక పునర్వినియోగానికి వెళ్లగలదు. రెండు బుట్టలనూ పక్కపక్కనే, ఏది ఎందులో వేయాలో చూపే నిజమైన వస్తువులు పైన అతికించి పెట్టాం.

ఏప్రిల్ 22

ఇది మా తప్పు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. రసాయన శాస్త్ర ప్రయోగశాలలో రిఫ్లక్స్ (ద్రావకాన్ని మరిగిస్తూ, ఆవిరిని చల్లార్చి తిరిగి అదే పాత్రలోకి దించడం) పెట్టినప్పుడు కండెన్సరుకు నల్లా నీరు వదలకుండా, ఇళ్లలో ఎయిర్ కూలర్లలో వాడే చిన్న పంపును బకెట్‌లో ముంచి, అదే నీటిని మళ్లీ మళ్లీ తిప్పే ఏర్పాటు చేశాం. పంపు 18 వాట్లది, ధర ఎవరికీ భారం కాదు. రెండు వారాలు చక్కగా నడిచింది. నిన్న రాత్రి ఒక విద్యార్థి రిఫ్లక్స్ వదిలి ఇంటికి వెళ్లాడు. నీరు వేడెక్కి గొట్టం మెత్తబడి ఊడింది, బకెట్ నీరంతా నేలపాలైంది, కండెన్సరు ఎండి ద్రావకం ఆవిరైపోయింది. అదృష్టవశాత్తు అది, విషపు ఆవిర్లను బయటికి లాగే అద్దపు గూడైన ఫ్యూమ్ హుడ్‌లో జరిగింది, మంట పుట్టలేదు. ఆ కుర్రాడి పది రోజుల సంశ్లేషణ పోయింది. నేను అతనికి క్షమాపణ చెప్పాను. గొట్టాలకు క్లిప్పులు బిగించమని చెప్పకపోవడం నా లోపం.

నేటి నుంచి నియమాలు: పంపుతో నడిచే ఏ ప్రయోగమూ మనిషి లేకుండా నడపకూడదు. గొట్టానికి రెండు చివరలా లోహపు క్లిప్పులు ఉండాలి. బకెట్‌లో థర్మామీటరు ఉండాలి, నీరు 30 డిగ్రీలు దాటితే ఐసు వేయాలి.

మే 6

రాత్రి ఈదురుగాలితో వాన వచ్చింది. పదకొండు గంటలకు కరెంటు పోయింది, జనరేటరు అందుకోలేదు. దాని స్టార్టింగ్ బ్యాటరీ బలహీనపడిందని తరువాత తెలిసింది. నేను చేరేసరికి ఒంటిగంట దాటింది. లాగరు నమోదు ప్రకారం నాలుగో ఫ్రీజరు 2 గంటల 40 నిమిషాల్లో మైనస్ 70 నుంచి మైనస్ 58కి వచ్చింది. మైనస్ 80లో ఉన్న మూడోది మైనస్ 65కి వచ్చింది. మంచుసీసాలు నింపిన ఫ్రీజరు తక్కువ డిగ్రీలు పోగొట్టుకుంది, అయినా చివరికి నిలిచిన అంకె వెచ్చనిదే. ఆ ఆచార్యుల మాట సగం నిజమైంది.

పొద్దున అందరూ మళ్లీ మైనస్ 80కి మార్చమన్నారు. నేను లాగరు గీతను ముందు పెట్టి ఒక్కటే అడిగాను. ఆ పది డిగ్రీలు ఇచ్చే రెండు గంటల కోసం ఏడాది పొడవునా కరెంటు పోస్తున్నాం, ఆ బ్యాటరీని మాత్రం ఎప్పుడూ పరీక్షించలేదు, ఏది ముందు సరిచేయాలి? బ్యాటరీ మారింది. ప్రతి సోమవారం జనరేటరును పదిహేను నిమిషాలు నడిపి పుస్తకంలో సంతకం చేయాలని నిర్ణయమైంది. ఉష్ణోగ్రత మైనస్ 60 దాటగానే నలుగురికి సందేశం పంపే అలారం అమర్చాం. మైనస్ 70 అలాగే ఉంది.

జూన్ 3

మే నెలంతా ఫ్రీజర్ల గది వేడితో పోరాటమే. బయట 42 డిగ్రీలున్న రోజుల్లో నాలుగో ఫ్రీజరు రోజుకు 13 యూనిట్లు తీసుకుంది. ఫ్రీజర్ల వెనుక గోడకు అంగుళం సందు మాత్రమే ఉందని గమనించి ఒక్కోదాన్నీ జానెడు ముందుకు జరిపాం. రోజుకొక యూనిట్ తేడా వచ్చింది.

ఫ్యూమ్ హుడ్‌ల గురించి ఒక మాట. ఒక్క హుడ్ ఏడాదికి మూడున్నర ఇళ్లంత శక్తి తీసుకుంటుందన్న అంకె ప్రతి వ్యాసంలో కనిపిస్తుంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వారి ఆ లెక్క, చల్లబరచిన లేదా వేడిచేసిన గాలిని హుడ్ బయటికి లాగేసే భవనాలకు సంబంధించినది. మా హుడ్‌లున్న గదులకు ఏసీలే లేవు, కిటికీలు తెరిచే ఉంటాయి. ఆ అంకెను మా నివేదికలో రాయవద్దని ఎమ్మెస్సీ అమ్మాయికి చెప్పాను. మేం కొలవని ఆదాను మేం చెప్పకూడదు. అద్దం కిందికి దించి ఉంచడం మాత్రం భద్రత కోసమే అవసరం, ఆ స్టిక్కర్లు అంటించాం.

జూలై 16

నాలుగు నెలల నమూనాల ఫలితాలు వచ్చాయి. గ్లిజరాల్ స్టాకుల్లో బతికిన బాక్టీరియా సంఖ్యలో రెండు ఫ్రీజర్ల మధ్య తేడా, ఒకే స్టాకును రెండు ప్లేట్ల మీద పరిచినప్పుడు వచ్చే తేడాను మించలేదు. ఆర్‌ఎన్‌ఏ జెల్ మీద, అది చెడలేదని చూపే రెండు పట్టీలూ రెండు ఫ్రీజర్ల నమూనాల్లోనూ స్పష్టంగా ఉన్నాయి. ఎంజైము చురుకుదనంలో కూడా తేడా కనిపించలేదు. నాలుగు నెలలకు ఇంతే చెప్పగలం, అందుకే మైనస్ 70లోని నమూనాలను మూడేళ్ల పాటు పరీక్షిస్తూ ఉండడానికి గొట్టాలు కేటాయించి పెట్టాం. ఎమ్మెస్సీ అమ్మాయి వ్యాసంపై ఒక పరీక్షకుడు "ఇది నిర్వహణ పని కదా, పరిశోధన ఎలా అవుతుంది" అని అడిగారట. తన కొలతల పట్టికలు, పొరపాట్ల అంచనాలు చూపించి జవాబు చెప్పిందని విని గర్వపడ్డాను.

ఒకటో, మూడో ఫ్రీజర్లు గత వారం మైనస్ 70కి మారాయి. అభ్యంతరం చెప్పిన ఆచార్యులే తమ పెట్టెల జాబితా తెచ్చి ఇచ్చి, మూడోదాన్ని మార్చమన్నారు. మిగిలిన నమూనాలన్నీ మూడు ఫ్రీజర్లలో సర్దుకున్నాయి. ఈ వారం ఆ మూడూ కలిపి రోజుకు 36 యూనిట్లు, జనవరిలో నాలుగూ కలిపి 66. మన దేశపు గ్రిడ్‌లో ఒక్కో యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది గనుక, రోజుకు 21 కిలోలు తగ్గినట్టు.

రెండో ఫ్రీజరును నిన్న సాయంత్రం ఆపాం. తలుపులన్నీ తెరిచి, కింద పాత తువాళ్లు పరిచి వదిలాం. ఈ పొద్దున అన్న తువాళ్లు పిండి, లోపలి అరలు తుడిచి, ఫిల్టరు కాగితం మీద చివరి తేదీ తానే వేశారు. ఆ గదిలో ఇప్పుడు మామూలు గొంతుతో మాట్లాడుకుంటే వినబడుతోంది.